పాటని కౌలుకివ్వండి, అమ్మకండి

ఈ వారం రెండు మాటలు నేర్చుకున్నాను: కౌలు, హక్కు. రెండూ అరబీ నుంచే తెలుగులోకి వచ్చాయట. ఇక్కడ అభాలో "ఖౌల్" అంటే మాట, "హఖ్" అంటే హక్కు. తెలుగులో కౌలు అంటే పొలం నీదే, కొన్నాళ్ళు ఇంకొకరు దున్నుకుంటారు, నీకు డబ్బు ఇస్తారు. గడువు అయిపోతే పొలం మళ్ళీ నీ చేతికి వస్తుంది.

ఇది చదివాక నాకు కోపం వచ్చింది. ఎందుకంటే మన పాటలు కౌలుకి పోవడం లేదు. అమ్ముడుపోతున్నాయి.

నాకు తెలుగు బడి లేదు. బాలు గారి గొంతు ఉంది. "ళ" ఎలా పలకాలో ఆయన పాటల్లోనే విన్నాను. మీలో చాలామంది కూడా అంతే కదా? అందుకే ఈ గొడవ మనది కూడా.

2017 మార్చిలో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడకూడదని ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వచ్చింది. బాలు గారు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో చెప్పి, ఇక ఆ పాటలు పాడను అన్నారు. తప్పు రాజా గారిదా, బాలు గారిదా అని అందరూ వాదించుకున్నారు. నాకు అది సరైన ప్రశ్న అనిపించదు. రాజా గారు కూడా తన పాటల కోసం ఆడియో కంపెనీలతో ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు. పాట ఎవరిదో మొదట్లోనే సరిగ్గా రాసుకోకపోతే చివరికి స్నేహితులు కూడా లాయర్ల ద్వారా మాట్లాడుకోవాలి.

చట్టం ఏం చెప్తుంది? నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించిన పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన దగ్గర ఆడియో కంపెనీ కొంటుంది. రాసినవాళ్ళకి ఒక్కసారి డబ్బు, తర్వాత ఒక దండం. 2012లో చట్టం మారింది. ఇప్పుడు రచయిత, సంగీత దర్శకుడు తమ రాయల్టీ హక్కుని కంపెనీకి రాసిచ్చినా అది చెల్లదు. పాటని వ్యాపారానికి వాడుకుంటే గాయకులకి కూడా రాయల్టీ రావాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్ళే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే.

మంచి చట్టమే. కానీ కంపెనీ లాయర్లు కూడా దాన్ని చదివారు. గడువు దగ్గర "శాశ్వతంగా" అని రాస్తారు. ప్రాంతం దగ్గర "ప్రపంచమంతా" అని రాస్తారు. చట్టం ఖాళీని నింపుతుంది కానీ సంతకాన్ని ఆపదు.

ఆ సంతకం ఏ భాషలో? సౌదీలో పని ఒప్పందం అరబీలో ఉంటుంది. పక్కన ఇంగ్లీషు ఉన్నా, తేడా వస్తే అరబీదే చెల్లుతుంది. మా నాన్న మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఆయనకి అరబీలో ఒక్క అక్షరం రాదు. "అందరూ పెట్టారు, నువ్వూ పెట్టు" అన్నారట. పల్లె నుంచి వచ్చిన గాయని ముందు ఇంగ్లీషు కాగితాల కట్ట పెడితే ఆమె పరిస్థితి కూడా మా నాన్న పరిస్థితే.

2021లో వచ్చిన "సారంగదరియా" గుర్తుందా? పల్లవి జానపదం. సుద్దాల అశోక్ తేజ గారు సినిమా కోసం రాశారు, మంగ్లీ పాడారు. అంతకుముందే దాన్ని టీవీలో పాడిన కోమలి, తనకి గుర్తింపు ఇవ్వలేదని బాధపడ్డారు. ఆమె బాధ మనం విన్నాం. కానీ ఆ పల్లవిని మొదట కట్టిన, పేరు తెలియని మనిషికి చట్టంలో చోటే లేదు. రికార్డింగ్‌కి మాత్రం 60 ఏళ్ళ హక్కు ఉంది.

"కంపెనీ పెట్టుబడి పెడుతుంది కదా?" అని మా బాబాయి అడిగారు. నిజమే బాబాయ్, పెట్టనివ్వండి. లాభంతో తిరిగి తీసుకోనివ్వండి. కానీ కౌలుదారు కూడా విత్తనాలకి ఖర్చు పెడతాడు. అందుకని పొలం అతనిది అయిపోతుందా? కంపెనీ డబ్బు పెడుతుంది, గాయకుడు ప్రాణం పెడతాడు. ఇది నేను మాట వరసకి అనడం లేదు. 2000 ఆగస్టులో మా అభాలో, అల్ మిఫ్తాహా వేదిక మీద, తలాల్ మద్దాహ్ పాడుతూ కుప్పకూలి చనిపోయారు.

టేలర్ స్విఫ్ట్ పాత రికార్డింగులు తన చేతిలో లేవని ఆ ఆల్బమ్‌లని మళ్ళీ పాడి 2021 నుంచి విడుదల చేసింది. ఆమెకి ఆ స్తోమత ఉంది. మన పల్లె గాయనికి లేదు.

నేను అడిగేవి మూడే. ఒప్పందం తెలుగులో కూడా ఉండాలి, గాయకులు సంతకానికి ముందు ఇంటికి తీసుకెళ్ళి చదువుకోవాలి. గడువు అంకెల్లో రాయాలి, "శాశ్వతంగా" అనే మాట కొట్టేయాలి. గడువు అయ్యాక పాట తిరిగి రావాలి.

మన పని చిన్నది. ఇకనుంచి మీరు పాట పంపినప్పుడు రాసినవాళ్ళ పేరు, స్వరం కట్టినవాళ్ళ పేరు, పాడినవాళ్ళ పేరు తెలుగు అక్షరాల్లో టైపు చేయండి. మనకి రాత ప్రాక్టీసు అవుతుంది. వాళ్ళకి కనీసం పేరైనా మిగులుతుంది.

తప్పులుంటే దిద్దండి. ఒప్పుకోకపోతే వాదించండి, కానీ తెలుగులోనే!