మార్పిడి రుసుము నేల తరగతిని బట్టి ఉండాలి

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వెంట ఒకప్పుడు కూరగాయలు, పూలు పండిన చల్కా నేలలు నేడు ప్లాట్లుగా విడిపోయి ఉన్నవి. వాటిలో చాలావాటిపై ఇల్లూ లేదు, పంటా లేదు. వయ్యారిభామ మాత్రం ఏపుగా పెరుగుతున్నది. నగరం విస్తరించడాన్ని ఎవరూ ఆక్షేపించలేరు. నగరానికి ఉపయోగపడక ముందే సేద్యానికి దూరమైన ఈ భూమి గురించే ఆలోచించవలసి ఉన్నది.

వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చేందుకు 2006లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టమే తెలంగాణలో ‘నాలా’ పేరుతో వాడుకలో ఉన్నది. భూమి విలువలో కొంత శాతం ఒక్కసారి చెల్లిస్తే మార్పిడి పూర్తవుతుంది. ఆ లెక్కలో నేల లోతు, వాలు, నీటిని పట్టి ఉంచే శక్తి ఏవీ లేవు. ప్రభుత్వ విలువ ఒకటే అయితే రెండు పంటల నల్లరేగడికీ, పక్కనున్న రాతిగుట్టకూ రుసుము ఒకటే. భూయోగ్యతా వర్గీకరణలోని ఎనిమిది తరగతులలో మొదటి నాలుగే సేద్యానికి తగినవని వ్యవసాయ డిగ్రీ విద్యార్థికి తెలుసు. మార్పిడి ఉత్తర్వుకు ఆ జ్ఞానంతో పని లేదు. ఆదాయపు పన్ను చట్టానిదీ ఇదే ధోరణి: పది లక్షలకు మించిన జనాభా గల పట్టణం హద్దు నుండి 8 కిలోమీటర్లు దాటిన సాగుభూమి మూలధన ఆస్తి కాదు. అక్కడ కొలిచేది దూరాన్ని, మట్టిని కాదు.

మార్పిడి తరువాత పురపాలక సంఘాలు ఖాళీ స్థలంపై విధించే పన్ను రిజిస్ట్రేషను విలువలో ఒక శాతానికి కూడా చేరదు. ధర పెరుగుతుందని ఎదురుచూసే మదుపరికి అదొక భారమే కాదు.

అయితే నిషేధమొక్కటే మార్గమని భావించేవారు 111వ ఉత్తర్వు అనుభవాన్ని గుర్తుచేసుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996లో వెలువడిన ఆ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేసింది. ఉద్దేశం సమంజసమే. కాని జలాశయాల కోసం తన భూమి ధరను వదులుకున్న రైతుకు ప్రత్యేక పరిహారమేదీ ఏర్పాటు కాలేదు. హద్దు అవతలి పొలం కోట్లు పలుకుతుండగా ఆంక్షలు ఎత్తివేయమని అతడు కోరితే దానిని దురాశ అనడం అన్యాయం. 2022లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది.

కనుక మార్పిడి రుసుమును మొదటి రెండు తరగతుల నేలలకు గణనీయంగా పెంచి, సాగుకు పనికిరాని నేలలకు నామమాత్రం చేయాలి. వచ్చిన సొమ్మును మంచి నేలను సాగులోనే ఉంచిన రైతుకు ఏటా చెల్లించాలి. లేఅవుట్లలో కట్టడం లేని స్థలాలపై పన్ను ఏటేటా పెరగాలి; సొంత ఇంటికని ఒకే ప్లాటు కొనుక్కున్న చిరుద్యోగికి మినహాయింపు తప్పనిసరి. 2025 జనవరిలో రైతు భరోసా కోసం సాగుకు యోగ్యం కాని భూములను, లేఅవుట్లను గుర్తించి పక్కన పెట్టారు. అదే జాబితా పన్ను విధింపుకూ ప్రాతిపదిక కాగలదు.

కొరవడినది సర్వే నంబరు వారీ నేల తరగతి పటం. 2015లో ఆరంభమైన భూసార ఆరోగ్య కార్డులు పోషకాల స్థితిని తెలుపుతాయి గాని నేల లోతునూ వాలునూ చెప్పవు. మృత్తికా శాస్త్ర స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనాంశాలలో కొన్నింటినైనా ఈ పటాలకు కేటాయించి, కృషి విజ్ఞాన కేంద్రాల సహకారంతో ప్రతిపాదిత ప్రాంతీయ వలయ రహదారి మండలాల నుండి పని మొదలుపెట్టవచ్చు. అక్కడ చాలా పొలాలు ఇంకా సాగులోనే ఉన్నవి.