ఆ మొగం మీ సొత్తు కాదు

కర్ణాటకలోని పావగడ తాలూకా ఆడవాళ్ళ నంబర్లు ఓ యాభై మీ ఫోనులో ఉంటే, వాట్సాప్ తెరిచి డీపీలు వరసగా చూసుకుంటూ పోండి. శనిమహాత్మ గుడి, నాగలమడక సుబ్రమణ్యస్వామి, ఎర్ర గులాబీ, పట్టులంగా కట్టిన పక్కింటి పిల్ల, గోరింట పండిన అరచెయ్యి, పోయిన మామ, కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్. ఎక్కడో ఒకచోట ఒక మొగం కనిపిస్తుంది. అదీ సగం, కొంగు అడ్డం పెట్టుకుని.

దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. బెంగళూరులో ఇల్లు కట్టుకున్న మావాళ్ళే, "ఊరోళ్ళకి ఇంకా ధైర్యం రాలే" అంటారు. పెళ్ళి సంబంధాల గ్రూపు నడిపే పెద్దమనిషి "మొగం లేని నంబర్లు తీసేస్తాం" అని హెచ్చరిక పెడతాడు. అదే పెద్దమనిషి, తమ్ముడి పెళ్ళాం ఏదో పండగపూట నవ్వుతూ దిగిన ఫోటో డీపీగా పెట్టుకుంటే, "ఎవురికి చూపిచ్చాలనో!" అని ఇంట్లో పంచాయితీ పెట్టి సాయంత్రంలోగా తీయిస్తాడు. మొగం పెట్టకపోతే మోటు, పెడితే చెడు. ఈ రెండు మాటలూ ఒక నోట్లోంచే వస్తున్నాయి. ఆ నోటితోనే నా తగువు.

అయ్యా, ఎప్పుడైనా అడిగారా, ఆ డీపీ ఎందుకు పెట్టుకుందో? వై.ఎన్.హొసకోటలో మగ్గం మీద బతికిన ఒకామె డీపీ జరీ అంచు. చీరలమ్ముతుందనుకుని జనం రేటు అడుగుతారు. అది వాళ్ళింటి చేతిమగ్గం మీంచి దిగిన ఆఖరి చీర. ఆ తర్వాత మగ్గం కట్టెల లెక్కన పోయింది. ఇంకొకామె డీపీలో బోరులోంచి నీళ్ళు ఎగజిమ్ముతుంటాయి. ఆ బోరు ఎండి చాలా ఏళ్ళయింది, అప్పు మాత్రం పచ్చిగానే ఉంది. "అది తియ్యమ్మీ, చూస్తే కడుపు మండుతాది" అని మొగుడు గొణుగుతాడు. "ఒక దినమన్నా నీళ్ళు పడింది నా చేన్లోనే కదా" అంటుంది ఆమె. తియ్యదు.

డిగ్రీ చదివే ఒక పిల్ల డీపీ కోసం ముప్ఫై ఫోటోలు దిగి అన్నీ చెరిపేసి చివరికి చెవి జుంకీ పెట్టుకుంది. నవ్వితే పళ్ళు కనిపిస్తాయని. ఈ తాలూకా బోరునీళ్ళలో ఫ్లోరైడు సంగతి తెలియనివాడు లేడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రమాణం రాసి పెట్టారు. దాహానికి ప్రమాణాలు చదవడం రాదు. తుంగభద్ర వెనకనీళ్ళ తాగునీటి పథకానికి 2025లో ప్రారంభోత్సవం చేశారు, సంతోషం. చిన్నప్పుడు ఆ బోరునీళ్ళతోనే పెరిగిన పళ్ళు మళ్ళీ తెల్లగా మొలవవు. ఆ పిల్ల నోరు మూసుకుని ఫోటో దిగితే "పొగరు" అన్నవాడు, ముప్ఫై ఏళ్ళు ఆ నీళ్ళు తాగించినవాళ్ళను ఒక్క మాట అనలేదు.

గులాబీపువ్వు పెట్టుకున్న ఒక ఖాత్రి పని కూలీ నాతో అన్న మాట మాత్రం నన్ను నిద్రపోనియ్యలేదు. "ఏమిటికక్కా నా మొగం? దినానికి రెండుతూర్లు తీస్తానే ఉండారు కదా."

నిజమే, తీస్తున్నారు. మేం ఖాత్రి పని అనే ఉపాధి హామీ పనికి ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌ను 2021 మేలో తెచ్చి 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. కూలీల మేటు కాయకబంధు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కూలీలను వరసగా నిలబెట్టి, తలగుడ్డ తీయించి, ఎండకు ఎదురుగా కళ్ళు చిట్లించుకున్న మొగాలను ఫోటో తీసి, చోటు గుర్తుతో సహా పంపాలి. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. కొలత ప్రకారం గుంత తవ్వేసినా రెండో ఫోటో దాకా అక్కడే కాచుకోవాలి. అంత చేసీ దొంగతనం ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది: ఫోటోకి ఫోటో తీసి ఎక్కిస్తున్నారు, సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారు, మస్టరులో ఉన్న ఆడవాళ్ళ లెక్కకూ ఫోటోలోని మనుషులకూ పొంతన లేదు. దానికి వాళ్ళు కనిపెట్టిన మందు ఏమిటంటే, పంచాయతీ నుంచి రాష్ట్రం దాకా నాలుగు అంతస్తుల్లో అధికారులు కూర్చుని ఆ ఫోటోలను మళ్ళీ చూడటం!

ఇంకో సంగతి వినండి. ఆ ఫోటోలను సర్కారు తన వెబ్‌సైటులో పరిచింది. రాష్ట్రం, జిల్లా, తాలూకా, పంచాయతీ, తేదీ అని నొక్కుకుంటూ పోతే చాలు, చెమటతో తడిసి, జాకెట్టు చంకల్లో చిరిగి, పార చేతపట్టుకున్న ఆడమనిషి లోకంలో ఎవడికైనా కనిపించేటట్టు. పరాయివాడు చూస్తాడని వాట్సాప్‌లో గులాబీ చాటున దాక్కున్న మనిషిని సర్కారు పట్టుకొచ్చి సంతలో నిలబెట్టింది. దీని పేరు పారదర్శకతట. దొంగ మస్టర్లు రాసేది ఆమె కాదు. రాసేవాడి మొగం, బిల్లు పాస్ చేసేవాడి మొగం, జేసీబీతో పనిచేయించి కూలీల పేర్లు ఎక్కించేవాడి మొగం రోజుకు రెండుసార్లు ఏ వెబ్‌సైటులో వస్తోంది? పారదర్శకత అంత ముద్దయితే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టాన్ని పక్కనపెట్టి కొత్త పేరుతో ఇంకోటి తెచ్చారు. అందులోనూ బయోమెట్రిక్ గుర్తింపు భద్రంగా ఉంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒకే మాటగా, గోప్యత మనిషి ప్రాథమిక హక్కు అన్నారు. ఆ కేసు ఎవరి పేరున ఉందో తెలుసా? పుట్టస్వామి గారు, మన కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పెద్దాయన, ఆధార్ మీద కోర్టుకెక్కారు. ఆ తీర్పు బెంగళూరు దాకా వచ్చింది. పావగడ బస్సు ఎక్కలేదు.

ఆధార్ ఫోటో గురించి వేరే చెప్పాలా? కుర్చీలో కూర్చోబెట్టి, "నవ్వొద్దమ్మా, తల ఎత్తు" అనగానే లైటు మొగం మీద పడుతుంది, అయిపోయింది. కార్డు చేతికొచ్చాక తన బొమ్మను తానే గుర్తుపట్టని ఆడవాళ్ళు ఈ దేశంలో కోట్లమంది ఉంటారు. నచ్చకపోతే మార్చుకోవచ్చు, 2025 అక్టోబరు నుంచి 125 రూపాయలు కట్టాలి. ఆ ఏడు కర్ణాటకలో ఖాత్రి పని దినకూలి 370. తన మొగాన్ని తాను చూసుకోదగ్గట్టు చేయించుకోవడానికి మూడో వంతు దినం మట్టి మోయాలి.

అవ్వ చచ్చిపోయిన రోజు ఈ ఫోటోయే బయటికొస్తుంది. పెళ్ళినాటికి ఫోటో లేదు, సంసారంలో ఎవరూ తీయలేదు, ఇంట్లో వెతికితే దొరికేది ఆధార్ కార్డో ఓటరు కార్డో. స్టూడియోలో దాన్ని పెద్దది చేస్తారు. వెనక నీలం ఆకాశం, నుదుట బొట్టు, మెడలో కంప్యూటరు పూలదండ. మనవడు దాన్ని డీపీ పెట్టుకుంటాడు, కింద నూరు మంది "ఓం శాంతి" రాస్తారు. డెబ్బై ఏళ్ళు బతికిన మనిషికి మిగిలిన రూపం, పేరు తెలియని ఆపరేటరు "తల ఎత్తు" అన్నప్పుడు ఉలిక్కిపడిన ఆ అర నిమిషం. దండకు చెయ్యెత్తి మొక్కేవాళ్ళెవరూ ఆ మొగంలో బెదురు చూడరు.

అందుకే అంటున్నాను, ఈ ఆడమనిషి బతుకులో తాను ఎంచుకున్న బొమ్మ ఆ డీపీ ఒక్కటే. గులాబీ అయినా, గుడి అయినా, ఎండిన బోరు అయినా. దాని మీద మీ వెక్కిరింత ఏమిటి?

భయం లేదా అంటారేమో. భయమూ ఉంది, ఎందుకుండదు? 2023 నవంబరులో రష్మిక మందన్న మొగాన్ని ఇంకో ఆమె వీడియోకి అతికించి ఊరి మీదికి వదిలారు. కొడగు పిల్ల, తెలుగు సినిమాలో పెద్ద హీరోయిన్. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు జిల్లా కుర్రాణ్ణి. ఆమె అభిమానేనట. ఆమె పేరుతో నడిపే పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానం ఆ పని చేస్తే ద్వేషం ఏం చేస్తుందో 2021 జులైలోనూ 2022 జనవరిలోనూ చూశాం. ముస్లిం ఆడవాళ్ళ ఫోటోలు ఎత్తుకొచ్చి వేలం పాట పెట్టినట్టు యాప్‌లు తయారుచేశారు, చదువుకున్న కుర్రకారే. హీరోయిన్‌కు జరిగితే దేశం అట్టుడికింది, నిందితుడు దొరికాడు. పావగడలో శెనక్కాయ వొలిచే ఆడమనిషికి జరిగితే సైబర్ పోలీసు స్టేషన్ నూరు కిలోమీటర్ల అవతల తుమకూరులో ఉంది, అక్కడికి పోతే ఆ ఫోటోను నలుగురు మొగవాళ్ళకు తానే చూపించాలి. 2017 జూన్‌లో ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఫోటోకు కాపలా కట్టే సదుపాయం తెచ్చినప్పుడు మొదట ఇండియాలోనే పెట్టింది. ఇక్కడి ఆడవాళ్ళు మొగం పెట్టడానికి భయపడుతున్నారని ఆ కంపెనీయే చెప్పింది. కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్ళకు అర్థమైన సంగతి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు అర్థం కాలేదు.

మొగవాళ్ళ డీపీల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. ఆగస్టులో జెండా, ఎన్నికలప్పుడు నాయకుడు, మిగతా రోజుల్లో హీరో. ఎవడి మొగమో పెట్టుకుని తిరిగే వీళ్ళను "నీ మొగం ఏదిరా?" అని ఒక్కడూ అడగడు.

ఇక తాలూకా డీపీ. పావగడ అని వెతకండి, మొదట ఏం కనిపిస్తుంది? ఆకాశంలోంచి తీసిన సోలార్ పలకలు, కొండల మధ్య నీలంగా, చెరువేమో అనిపించేలా. తిరుమణి, బాలసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఊళ్ళ భూములు పదమూడు వేల ఎకరాలు, 2050 మెగావాట్లు. 2018 మార్చి 1న సిద్ధరామయ్య ప్రారంభించారు, శక్తిస్థల అని పేరు పెట్టారు. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి మొదట 21,000 రూపాయల కౌలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. కరువుసీమలో అది చిన్న సొమ్మేమీ కాదు, భూమి ఉన్నవాడికి. ఆ చేలల్లో కలుపు తీసి, శెనక్కాయ పీకి బతికిన భూమిలేని ఆడకూలీ ఏ అగ్రిమెంటులోనూ లేదు. ఇప్పుడు కొందరికి పలకల కింద గడ్డి కోసే పని ఉంది. లోకమంతా తిరిగే ఆ ఫోటోలో ఆమె కనిపించదు, డ్రోను అంత ఎత్తు నుంచి మనిషిని పట్టించుకోదు. తాలూకా అంతటికీ మొగం లేని డీపీ పెట్టి గర్వపడినవాళ్ళు, ఆమె డీపీలో మొగం లేదని నవ్వుతున్నారు!

నాకు కావలసినవి చెబుతాను. పెళ్ళి గ్రూపుల పెద్దమనుషులు డీపీల జోలికి రావడం మానాలి. ఆధార్ ఫోటో తీసినవాడు పంపేముందు ఆ మనిషికి చూపించాలి, బాగాలేదంటే పైసా తీసుకోకుండా మళ్ళీ తీయాలి. పని చోట తీసిన మొగాలు వెబ్‌సైటులోంచి దిగాలి. ఇన్నాళ్ళుగా తీసిన ఫోటోలు ఎక్కడున్నాయి, ఎవరెవరు చూశారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది పేరుపేరునా ప్రతి కూలీకి తాలూకా పంచాయతీ రాసి ఇవ్వాలి. కన్నడంలోనే ఇవ్వండి. నేను రాసిన ఈ తెలుగు అక్షరాలు వాళ్ళలో చాలామందికి రావు, బడిలో నేర్చింది కన్నడమే.