దుకాణం గడువు తీరితే...

ప్రశ్న: మూడేళ్ళకు లీజుకిచ్చిన నా దుకాణం గడువు వచ్చే నెలతో తీరుతుంది. అద్దెదారు ఏ సంగతీ చెప్పడం లేదు. ఏమీ అనకుండా అద్దె తీసుకుంటూ ఉండవచ్చా? లేక తాళం వేసుకోవచ్చా?

జవాబు: సోదరా! మౌనం కూడా ఒక నిర్ణయమే అవుతుంది. గడువు తీరాక మీరు అద్దె స్వీకరిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెలవారీ లీజుగా కొనసాగుతుంది. ఆపైన ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి.

కనుక గడువుకు ముందే నిశ్చయించుకోండి. కొత్త అద్దెతో మరో పత్రం రాసుకోవచ్చు. అది ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలిసే నెలవారీగా సాగనివ్వవచ్చు. లేదా ఖాళీ చేయమని రాతపూర్వకంగా తెలపవచ్చు. అద్దె నియంత్రణ చట్టం వర్తించే కట్టడమైతే గడువు తీరడం ఒక్కటే చాలదు, ఆ చట్టం పేర్కొన్న కారణం చూపాలి.

తాళం మాత్రం వేయకండి. అతను వెళ్ళనంటే న్యాయస్థానమే మార్గం. ఇజారా ఒప్పందంలో హక్కులు ఇరువురివీ. అడ్వాన్సు మీ వద్దనున్న అతని సొమ్ము. న్యాయమైన బకాయి మినహాయించి, తాళంచెవులు అందిన రోజే తిరిగి ఇచ్చివేయండి.