శాసనసభ్యుడు లెక్క చెప్పవలదా?

మా బడికి మూడు గదులు మంజూరైనవని చెప్పి కొన్ని యేండ్లక్రిందట శంకుస్థాపనము చేసిరి. శిలాఫలకము నేటికిని చెక్కుచెదరక యున్నది. గోడలు మాత్రము కిటికీలయెత్తునకు లేచి నిలిచిపోయినవి. వానకాలమున రెండు తరగతుల పిల్లలు ఒకే వసారాలో వీపులకు వీపులు చేర్చి కూర్చుండి, ఒకరు ఎక్కములను, ఒకరు పద్యములను ఏకకాలమున వల్లించుచుందురు. ఎంత సొమ్ము మంజూరయ్యెను, ఎంత ఖర్చయ్యెను, తక్కినది ఏమయ్యెను అని మేమెవ్వరమును అడుగలేదు. ఫలకముపై పేరు చెక్కించుకొనిన శాసనసభ్యుడును చెప్పలేదు.

ఇందు నా పాలు దాచినచో ఈ వ్యాసము వ్రాయుటకు నాకర్హత లేదు. ఆ దినములలోనే నేనాయన యింటికి పోయితిని. శాలువయు నిమ్మపండును చేతబట్టుకొని రెండు గంటలు వాకిట నిలిచితిని. బదిలీకై సిఫారసుజాబు వ్రాయించుకొని వచ్చితిని. గదులమాట నాలుకచివరకు వచ్చి వెనుకకు పోయినది. మేలు కోరవచ్చినవాడు లెక్క యడుగగలడా? మన ప్రజాపాలనపు రోగమంతయు ఈ యొక్క ప్రశ్నలోనే యిమిడియున్నది.

శాసనసభ్యుడన నెవ్వడు? రోడ్లు వేయించువాడనియు, పింఛనులిప్పించువాడనియు, పోలీసుఠాణాకు కబురుపెట్టువాడనియు మనము తలచుచున్నాము. రాజ్యాంగము అట్లు తలపలేదు. మంత్రివర్గము శాసనసభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనని 164వ అధికరణము విధించుచున్నది. ప్రతిపక్షమునకు మాత్రమే యనలేదు, సభకు అన్నది. కావున అధికారపక్షపు సభ్యుడును మంత్రులను ప్రశ్నింప బద్ధుడే. సభ సమ్మతిలేక పద్దులకు సొమ్ము మంజూరు కాదు. ఖర్చయినపిమ్మట కంట్రోలరు ఆడిటరు జనరలు తనిఖీచేసి యిచ్చు నివేదిక, 151వ అధికరణము ననుసరించి, గవర్నరు ద్వారా సభముందునకే వచ్చును. ప్రజాపద్దుల సంఘము దానిని పరిశీలించును. ఇన్ని తాళపుచెవులు ఆయన మొలత్రాటనే యుండగా, ఆయన మనకు ఫ్లెక్సీపై చిరునవ్వును మాత్రము చూపి పోవుచున్నాడు!

ఈ తాళపుచెవులు ఊరక లభించినవికావు. 1861నాటి చట్టముక్రింద నేర్పడిన సభలలో ప్రశ్నించుహక్కే లేకుండెను. 1892లో ప్రశ్న యడుగుటకును, ఆదాయవ్యయములను చర్చించుటకును అనుమతి దొరకెను. అనుబంధప్రశ్న వేయుటకు 1909వరకు వేచియుండవలసివచ్చెను. పరప్రభుత్వమునుండి బొట్టుబొట్టుగా రాబట్టుకొనిన హక్కును, స్వపరిపాలనమున మన సభ్యులు చిల్లికుండలో పోయుచున్నారు. పద్దులపై చర్చకు కాలము చాలనప్పుడు, మిగిలినవానిని కడపటిదినమున నొక్కుమ్మడిగా వోటునకు పెట్టు పద్ధతి యొకటి కలదు. దానికి గిలటిన్ అని పేరు. అట్లు చర్చలేక దాటిపోయిన పద్దులలో మన బడి యుండెనేమో, మన ఆసుపత్రి యుండెనేమో, చెప్పువారెవ్వరు?

ఇందుకు మూడు సమాధానములు వినవచ్చుచున్నవి.

మొదటిది: పని చేయించుచుండగా లెక్క యెందుకని. వేసిన రోడ్డు ఎవరి సొమ్ము? మనమిచ్చిన పన్నే కదా. దానిని తన పేరిట చాటుకొనుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది.

రెండవది: పామరజనమునకు పద్దులు తెలియవని. ఇది వట్టి యబద్ధము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006నుండి ఉపాధిహామీ పనులకు సామాజిక తనిఖీలు జరిగినవి. మస్టరుపట్టికలను ఊరిలో బిగ్గరగా చదివిరి. పనికి పోనివారి పేరిట కూలి వ్రాసినయెడల దానిని పట్టుకొనుటకు అక్షరజ్ఞానముతో పనియేమి? ఎవరు పలుగు పట్టిరో, ఎవరు పట్టలేదో, ప్రక్కన మట్టిమోసిన యామెకు తెలియదా? లెక్క తెలియనిది ప్రజలకు కాదు, తెలియనీయనిది పెద్దలే.

మూడవది: స్వపక్షమును ప్రశ్నించిన సభ్యత్వము పోవునని. 1985లో చేర్చిన పదియవ షెడ్యూలు, పక్షమును స్వచ్ఛందముగా వీడినవానిని, ఆజ్ఞకు విరుద్ధముగా వోటువేసినవానిని లేదా వోటు మానినవానిని శిక్షించును. మంత్రిని ప్రశ్నించుట నేరమని అందు లేదు. వచ్చిన ప్రత్యుత్తరమును తన యూరివారికి చదివి వినిపించుట నేరమని అంతకన్నను లేదు. పోవునది సభ్యత్వము కాదు, మరల దొరకవలసిన టిక్కెట్టు. ఆ భయమును రాజ్యాంగముపైకి నెట్టుట న్యాయము కాదు.

2011 జనాభాలెక్కను బట్టి చూచిన, ఆంధ్రప్రదేశపు 175 స్థానములలో ఒక్కొక్కదానికి సుమారు 2 లక్షల 80 వేలమందియు, తెలంగాణపు 119 స్థానములలో ఒక్కొక్కదానికి సుమారు 2 లక్షల 90 వేలమందియు నున్నారు. ఇంతమంది పక్షమున నొక్కడు పలుకవలెను. అట్టివాడు మూడుమాసముల కొకసారి రెండుపుటల జాబు వ్రాయలేడా? సభ ఎన్నిదినములు కూడెను, తానెన్నిదినములు పోయెను? ఏమి ప్రశ్నించెను, ఏమి బదులు వచ్చెను? ఏ పద్దునకు సమ్మతించెను? తనిఖీనివేదికలో మన జిల్లామాట యున్నదా? ఊరిలో నిలిచిపోయిన పనులెవ్వి, ఏ కచ్చేరిలో నిలిచినవి, తాను సాధింపలేకపోయినదేమి? ఈ కడపటి మాట వ్రాయగలవాడే నాయకుడు. ఆ జాబును తేటతెనుగున వ్రాసి ప్రతి గ్రామసభలోను చదివింపవలెను.

వ్రాయనిచో మనమేమి చేయవలెను? 2005నాటి సమాచారహక్కు చట్టము కలదు. సామాన్యముగా 30 దినములలో కచ్చేరి బదులీయవలెను. మా బడిగదులనుగూర్చి నేను గడచినమాసముననే దరఖాస్తు పెట్టితిని. ఇన్నియేండ్లు పెట్టనందులకు సిగ్గుపడుచునే పెట్టితిని.

సోదరీమణులారా, మీ యిండ్లలో పాలవాడు ఒక్కపూట రాకున్నను క్యాలెండరుపై సున్న చుట్టుదురు. మాసాంతమున ఆ సున్నలను లెక్కించికాని పైకమీయరు. ఆ పాలవానియందు మీకు ద్వేషము లేదు, లెక్క లెక్కయే. ఐదేండ్లకొకమారు మీ వాకిటికి వచ్చి చేతులు జోడించు పెద్దమనుష్యునియెడలను ఈ యొక్కధర్మమునే పాటింపుడు. హారతి పళ్లెము లోపలనే యుంచి, అక్కడనుండి కదలనీయక, మూడు గదుల లెక్క యడుగుడు.