బిడ్డ బరువు – ఇంటి బాధ్యత



పసివాడు బొద్దుగా ఉంటే మన ఇళ్ళలో పెద్దలకు ఎంతో ఆనందం. "మాషా అల్లాహ్, పుష్టిగా ఉన్నాడు" అంటూ నానీ, దాదీ మురిసిపోతారు. ఆ బిడ్డకే పన్నెండేళ్ళు వచ్చేసరికి అవే నోళ్ళు 'మోటూ' అని పిలుస్తాయి. ఆడపిల్ల అయితే "రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అన్న మాట ఆమె చెవిన పడేలా అంటారు. నిన్నటి ముద్దు నేడు నేరమెలా అయిందో ఆ చిన్న మనసుకు బోధపడదు. ఈ మాసం మేము ఈ విషయాన్నే మీ ముందుంచదలచాము.

ఇందుకు అమెరికా దేశంలోని ఒక వృత్తివారి పనితీరు మనకు పాఠం కాగలదు. వారిని నర్స్ ప్రాక్టీషనర్లు అంటారు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలసి ఈ విద్యకు పునాది వేశారు. తొలి శిక్షణ పిల్లల ఆరోగ్యం కోసమే మొదలైంది. ఫోర్డ్ గారు 2025 జనవరిలో 104 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. నర్సు చదువుపై ఉన్నత విద్య పూర్తిచేసిన వీరు రోగిని పరీక్షిస్తారు, వ్యాధిని నిర్ధారిస్తారు, మందులు రాస్తారు. కొన్ని రాష్ట్రాలలో స్వతంత్రంగా, మరికొన్నింటిలో వైద్యునితో ఒప్పందానికి లోబడి పనిచేస్తారు. ఆ దేశంలో సుమారు ప్రతి ఐదుగురు పిల్లలలో ఒకరికి స్థూలకాయం ఉంది. కనుక వీరిలో కొందరు ఆ పిల్లల సేవనే తమ ప్రధాన కర్తవ్యంగా స్వీకరించారు.

వారి పద్ధతిలో మమ్మల్ని మొదట ఆకట్టుకున్నది వారి మర్యాద. బిడ్డ బరువును నలుగురి ఎదుట కాక చాటున చూడాలన్నది వారు నేర్చుకునే నియమం. మాట మొదలుపెట్టే ముందు "నీ ఎదుగుదల గురించి మాట్లాడుకుందామా?" అని బిడ్డనే అడిగి అనుమతి తీసుకుంటారు. 'లావు', 'బద్ధకం' వంటి మాటలు వాడరు. పరుల ఇంట అడుగుపెట్టే ముందు అనుమతి కోరడం మనకు తెలిసిన సంస్కారమే. పసివారి మనసు కూడా ఒక ఇల్లేనని మనం ఎంతమందిమి తలుస్తున్నాము?

తరువాత పరీక్ష. ఎత్తు, బరువుల నుంచి బి.ఎం.ఐ. లెక్కిస్తారు. పెద్దల కొలతను పిల్లలకు నేరుగా వర్తింపజేయరు. అదే వయసు గల 100 మంది బాలురను లేదా బాలికలను ఈ లెక్క ప్రకారం వరుసగా నిలబెడితే 85వ స్థానం నుంచి అధిక బరువుగా, 95వ స్థానం నుంచి స్థూలకాయంగా భావిస్తారు. మన దేశపు పిల్లలకు తక్కువ బరువులోనే మధుమేహ ప్రమాదం మొదలవుతుంది కనుక భారత శిశువైద్యుల సంఘం 2015లో వేరే పట్టికలను ఇచ్చింది.

అంకెలతో పని ముగియదు. రక్తపోటు చూస్తారు. నిద్రలో గురక ఉందా, మోకాళ్ళు, తుంటి నొప్పి పెడుతున్నాయా, ఆడపిల్లలకు నెలసరి సక్రమంగా వస్తున్నదా అని విచారిస్తారు. పదేళ్ళు దాటిన వారికి రక్తంలో చక్కెర, కొవ్వు, కాలేయ పరీక్షలు చేయిస్తారు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారిందేమో గమనిస్తారు. మన ఇళ్ళలో దానిని మురికి అనుకొని పీచుతో రుద్ది రుద్ది పిల్లలను ఏడిపిస్తాము. చాలాసార్లు అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని దేహం చూపే గుర్తు. దానికి సబ్బుతో పని లేదు, వైద్యునితో పని ఉంది.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఒక అపోహను తొలగించాయి. "ఎదిగితే అదే తగ్గుతుంది" అని ఎదురుచూడవద్దని అవి చెప్పాయి. 3 నుంచి 12 నెలల వ్యవధిలో కనీసం 26 గంటలు కుటుంబమంతటితో ముఖాముఖి కూర్చొని ఆహారం, ఆట, అలవాట్లు నేర్పాలన్నది అందులోని ముఖ్య సూచన. 12 ఏళ్ళు నిండిన వారికి మందులు, 13 ఏళ్ళు నిండి తీవ్ర స్థూలకాయం ఉన్నవారికి శస్త్రచికిత్స యోచించవచ్చునని కూడా పేర్కొన్నాయి. వంశపారంపర్యం, నిద్రలేమి, కొన్ని మందులు, పరిసరాలు, ఆదాయం – ఇన్ని కారణాలు కలిసే చోట నేరమంతా బిడ్డ నాలుకపై మోపడం న్యాయం కాదు.

"అయితే క్రమశిక్షణ వద్దా?" అని కొందరు అడగవచ్చు. తప్పక కావాలి. బడిపిల్లల మధ్య జీవితం గడిపిన మేము దానిని కాదనము. అయితే అది దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న అందరికీ ఒకటిగా ఉండాలి. అబ్బా చేతిలో శీతల పానీయం ఉంచుకొని బిడ్డను నీళ్ళు తాగమంటే ఆ మాటకు బరువుండదు. సాధారణ కోలా 250 మిల్లీలీటర్లలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాలకు పైమాటే. ఏమి వండాలి, ఎప్పుడు వడ్డించాలి అన్నది పెద్దల నిర్ణయం. ఎంత తినాలన్నది బిడ్డ ఆకలికి వదలాలి. "పళ్ళెం ఖాళీ చేయి" అని బలవంతపెట్టిన వారమే తరువాత తిండిని లెక్కపెట్టడం ఎంత విడ్డూరం!

మరొక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది. ఆడపిల్లకు పదకొండు, పన్నెండేళ్ళు రాగానే వీధిలో ఆట మాన్పిస్తాము, సైకిలు తీసివేస్తాము, ఇంట కూర్చోబెడతాము. రెండేళ్ళ తరువాత ఆమె బరువును ఆక్షేపిస్తాము. కదలిక మాన్పించినది మనమే కదా? మేడపైనో, పెరటిలోనో, తల్లితో కలిసి నడకలోనో రోజుకు ఒక గంట దేహశ్రమకు వీలు కల్పించడం తల్లిదండ్రుల విధి.

పిల్లల స్థూలకాయానికి అటువంటి నర్సుల వ్యవస్థ మన ఊళ్ళలో లేదు. అయినా పిల్లల వైద్యులు ఉన్నారు. ప్రభుత్వ బడులలో, అంగన్‌వాడీలలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 18 ఏళ్ళలోపు వారిని పరీక్షిస్తున్నాయి. వారిచ్చే చీటీని అల్మారాలో పడవేయకండి. బిడ్డను పస్తులుంచకండి, రోజూ తూకం వేయకండి. ఎదిగే వయసులో బరువును నిలకడగా ఉంచి ఎత్తు పెరగనిస్తే చాలునని వైద్యులు అనేకసార్లు చెబుతారు. రంజాన్ ఉపవాసాన్ని బరువు తగ్గించే చిట్కాగా బిడ్డకు నూరిపోయకండి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, పండ్లు ముందుంచి, నూనెలో వేగినవి తగ్గించండి. రాత్రి త్వరగా పడుకోబెట్టండి, ఫోను పక్కన పెట్టించండి. మీరూ పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముందుగా ఇంట్లో వెక్కిరింపు పేర్లను నేడే మానుదాం. ఎద్దేవా పేర్లతో పిలవడాన్ని హుజురాత్ సూరా వారించిందని మనం పిల్లలకు నేర్పుతున్నాము. ఆ నియమం పిల్లల విషయంలో పెద్దలకూ వర్తిస్తుంది. అవమానం పొందిన బిడ్డ చాటుగా తినడం నేర్చుకుంటుంది, గౌరవం పొందిన బిడ్డ తన కష్టాన్ని అమ్మీతో చెప్పుకుంటుంది. చెప్పుకున్న బిడ్డకే మనం సాయపడగలము.

అల్లాహ్ మన సంతానానికి ఆరోగ్యాన్ని, మనకు మృదువైన నాలుకను ప్రసాదించుగాక. ఆమీన్.