రుజువు ఎవరు తేవాలి?

మంటల్లోంచి బయటికొచ్చిన ఫైర్‌ఫైటర్ ఫొటో ఫీడ్‌లో కనిపిస్తే మనం ఏం చేస్తాం? హెల్మెట్ తీసిన ముఖం, బుగ్గల నిండా మసి, కింద ‘సెల్యూట్’ అని క్యాప్షన్. నేనైతే ఓ లైక్ కొట్టి ముందుకెళ్లిపోయేవాణ్ణి. అమెరికాలో ఒక కోర్టు తీర్పు గురించి చదివాక మాత్రం అలాంటి ఫొటో దగ్గర వేలు ఆగిపోతోంది.

ఆ మసిలో ఏముంటుందో చూడండి. ఇల్లు తగలబడితే కాలేది కర్ర ఒక్కటే కాదు. సోఫాలో ఫోమ్, ప్లాస్టిక్, గోడల రంగులు, కరెంటు వైర్లు అన్నీ కాలతాయి. బెంజీన్ లాంటివి పుడతాయి. పాత భవనమైతే ఆస్‌బెస్టాస్ కూడా లేస్తుంది. ఇవి ఊపిరితోనే కాదు, కొన్ని చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మంటలార్పే ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. సిగరెట్ పొగ ఉన్నది కూడా ఆ గ్రూపులోనే!

సైన్స్ చెప్పేసింది కదా, ఇక పరిహారం ఇచ్చేయొచ్చుగా అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. చెయ్యి కాలితే ఏ రోజు, ఏ మంటలో కాలిందో చెప్పగలం. క్యాన్సర్ అలా కాదు. ఏళ్ల తరబడి లోపలే ఉండి ఎప్పుడో బయటపడుతుంది. ‘ఏ ప్రమాదం వల్ల వచ్చిందో చూపించు’ అంటే ఎవరు మాత్రం చూపించగలరు?

అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు లెక్క తిరగేశాయి. కాలిఫోర్నియా 1982లోనే ఆ దారి పట్టింది. ఫైర్‌ఫైటర్‌కి క్యాన్సర్ వస్తే ఉద్యోగం వల్లే వచ్చిందని ముందుగా అనుకోవాలి. కాదనేవాళ్లే కాదని నిరూపించాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ పెన్సిల్వేనియా 2011లో తెచ్చిన చట్టంలో షరతులు చూడండి. వరసగా నాలుగేళ్లు సర్వీసు ఉండాలి. అంతకుముందు చేసిన వైద్య పరీక్షలో క్యాన్సర్ లేదని తేలి ఉండాలి. ఆ పని మానేశాక 300 వారాల్లోపు క్లెయిమ్ వేయాలి. అంటే ఆరేళ్లు కూడా కాదు. అది దాటితే 600 వారాల వరకు అడగొచ్చు గానీ, రుజువు భారం మళ్లీ రోగి నెత్తిమీదికే వస్తుంది. జబ్బేమో క్యాలెండర్ చూసుకుని రాదు!

ఆ చట్టం కిందే ఫిలడెల్ఫియాలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చిన ఒక ఫైర్‌ఫైటర్ పరిహారం అడిగాడు. ఈ పనికీ ఆ క్యాన్సర్‌కీ సంబంధం లేదని నగరం వాదించింది. వ్యవహారం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో కోర్టు ఒక గీత గీసింది. ఈ ఉద్యోగంలో తగిలే పదార్థాల వల్ల ఆ రకం క్యాన్సర్ రావడం సాధ్యమేనని అతను చూపిస్తే చాలు. ఆ తర్వాత, ‘మామూలుగా అలా రాదు’ అని నగరం అంటే కుదరదు. ఈ మనిషికి వచ్చిన ఈ జబ్బు ఉద్యోగం వల్ల రాలేదని చూపాలి.

నగరాల భయం నాకూ అర్థమవుతుంది. సిగరెట్ వల్ల రావచ్చు, ఎండ వల్ల రావచ్చు, వంశంలో ఉండొచ్చు. ఖర్చేమో పన్ను కట్టేవాళ్లది. నిజమే. కానీ ఎటూ తేలనప్పుడు ఆ నష్టం ఎవరో ఒకరు మోయాలి కదా. లక్షలమంది కలిసి మోసే నగరమా, కీమో కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషా? ఆ మంటలోకి అతన్ని పంపింది మనమే కాబట్టి, నా ఓటు అతనికే.

మన దేశంలోనూ ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1923 నాటి పరిహార చట్టంలోనే వృత్తి జబ్బుల జాబితా ఉండేది. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ అందులో కనిపించేది. మంటలార్పే పని పేరు మాత్రం ఆ జాబితాలో ఉండేది కాదు.

ఇంకొక్క మాట. పెన్సిల్వేనియాలో జీతం లేకుండా మంటలార్పే వాలంటీర్లు కూడా ఉన్నారు. వాళ్లు క్లెయిమ్ వేస్తే, విషపదార్థం తగిలిందని ప్రమాదాల రిపోర్టుల్లో రాసి ఉండాలి. రాయకపోతే ఆ మంట ఆర్పినా లెక్కలోకి రాదు! మీ ఇంట్లోనో, ఫ్రెండ్స్‌లోనో ఫైర్ సర్వీస్‌లో ఎవరైనా ఉంటే ఓ మాట చెప్పండి. ఏ తేదీన, ఎక్కడ, ఏం కాలింది, ఎంతసేపు పొగలో ఉన్నారు... ఫోన్‌లోనైనా రాసి పెట్టుకోమనండి. రెండు నిమిషాల పని.

ఆ ఫొటోలకి ఇప్పటికీ లైక్ కొడుతూనే ఉన్నాను. కాకపోతే, ఆ రోజు రిపోర్టులో ఏం రాశారో అని కూడా ఆలోచిస్తున్నాను.