పాత బండి ఏం పాపం చేసింది?

"యాభయ్యేళ్ళు దాటిన బండి, ఇంతకన్నా ఏం ఆశిస్తాం?"

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

నా దగ్గర 1970 నాటి ఎంజీబీ ఉంది. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. మా ఒహాయోలో చలికాలమంతా గరాజులో ముసుగేసుకుని పడుకుంటుంది. ఏప్రిల్లో సర్వీసుకిచ్చాను. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ మార్చారు. కార్బురేటర్లు విప్పి కడిగారు. ఇచ్చేటప్పుడు చక్కగా నడిచిన బండి, తెచ్చుకున్నాక యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, ఊపిరి బిగబట్టినట్టు ఓ క్షణం ఆగి, ఒక దగ్గు దగ్గి, అప్పుడు కదిలేది. మెల్లగా తొక్కితే ఏ గొడవా లేదు.

క్షణమే కదా అనుకునేరు. ఎడమవైపు తిరుగుతూ నడిరోడ్డు మీద ఉండగా ఆ క్షణం వచ్చింది. ఎదురుగా లారీ. పక్క సీట్లో మా అమ్మాయి. "నాన్నా, వెళ్ళు!" అని అది అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది.

మెకానిక్కు దగ్గరికి పరిగెత్తితే పై మాట అన్నాడు. పెట్రోలు పంపు పాతదైంది, మార్చాలన్నాడు. మార్చాం, తగ్గలేదు. కాయిల్ అన్నాడు. మార్చాం, తగ్గలేదు. ఇక కార్బురేటర్లు మొత్తం రీబిల్డ్ చెయ్యాలన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, ఆయన ఈనిందన్న ప్రతిసారీ నేను డబ్బులు కట్టేశాను.

నా సిగ్గుమాలినతనం చూడండి. ఆఫీసులో ఏదైనా కూలితే మా టీం కుర్రాళ్ళని నేనడిగే మొదటి ప్రశ్న "నిన్నటిదాకా నడిచింది కదా, మధ్యలో ఏం మార్చాం?" అని. అదే ప్రశ్న నా బండి విషయంలో నెల్లాళ్ళ పాటు నాకు తట్టలేదు.

ఓ రాత్రి గరాజులో కూర్చుని సర్వీసులో చెయ్యి పడ్డవన్నీ కాగితం మీద రాశాను. పాయింట్ల గ్యాపు చూశాను, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్యే ఉంది. టైమింగ్ చూసేటప్పుడు ఊడదీసే వాక్యూమ్ గొట్టం మళ్ళీ తగిలించారా? తగిలించారు. తర్వాత కార్బురేటర్ పైమూత విప్పి, దానికి వేలాడే డ్యాంపర్ కడ్డీని మళ్ళీ లోపలికి దించాను. ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. లోపల చుక్క నూనె లేదు. రెండోదీ అంతే!

ఎస్‌యూ కార్బురేటర్లో యాక్సిలరేటర్ పంపు ఉండదు. ఆ పని కొంత నూనె చేస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు లోపలి పిస్టన్ ఒక్కసారిగా పైకి ఎగరకుండా నూనె పట్టి ఉంచుతుంది. ఆ కాస్త ఆలస్యంలో జెట్ మీద గాలి వేగం పెరిగి, పెట్రోలు ఎక్కువ లాక్కుంటుంది. నూనె లేకపోతే పిస్టన్ గభాల్న లేస్తుంది, పెట్రోలు చాలదు, ఇంజను దగ్గుతుంది. మెల్లగా తొక్కితే ఎందుకు బాగుందో అర్థమైందా? బండి మొదటిరోజే తన జబ్బు చెప్పింది. వినే నాథుడు లేడు.

20 గ్రేడు నూనె రెండింటిలో కొంచెం కొంచెం పోశాను. మూత ఇంకో 6 మిల్లీమీటర్లలో కూర్చుంటుందనగా డ్యాంపర్‌కి అడ్డు తగలాలి, అదీ లెక్క. మర్నాడు పొద్దున్న గట్టిగా తొక్కితే దగ్గూ లేదు, తుమ్మూ లేదు.

"పాత రబ్బరు గొట్టాలు చెయ్యి తగిలితేనే పగుల్తాయి కదా" అంటారు. నిజమే. అదీ చెయ్యి తగిలినందుకే కదండీ! "కొత్త కండెన్సర్లు కూడా పాడైనవి వస్తాయి" అంటారు. వస్తాయి. అదీ మీరు చేసిన మార్పే. సర్వీసుకి ముందుకీ తర్వాతకీ బండి వయసు మూడు రోజులే పెరిగింది. మూడ్రోజుల్లో ముసలిదైపోయిందా?

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? "ఇరవయ్యేళ్ళ నాటి కోడు, ఇలాగే ఏడుస్తుంది, మొత్తం తిరగరాద్దాం" అనే మహానుభావులు ప్రతి మీటింగులోనూ ఉంటారు. సదరు కోడు మొన్న శుక్రవారం రిలీజు దాకా నోరెత్తకుండా పనిచేసిందన్న సంగతి ఎవడికీ గుర్తుండదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

మెకానిక్కు నూనె పొయ్యడం మర్చిపోయాడని నాకు కోపం లేదు. మనిషన్నాక మర్చిపోతాడు, నేనూ మర్చిపోతాను. తను ముట్టుకున్నవి మళ్ళీ చూసుకోకుండా, ముట్టుకోని పంపుని దోషిగా నిలబెట్టాడే, దానికి కోపం. తలూపినందుకు నా మీద ఇంకా కోపం.

ఈసారి మీ ముందు ఎవరైనా "పాతది కదా" అంటే జేబులో చెయ్యి పెట్టకండి. "ముందు నువ్వేం ముట్టుకున్నావో చెప్పు నాయనా" అనండి.